సగం సంగటి ముద్ద

మా ప్రొద్దుటూరు–జమ్మలమడుగు బస్సు కండక్టరు విజిల్ వేస్తే పెన్నాలో ఇసుక ట్రాక్టర్లు కూడా బయలుదేరేవి. డ్రైవరును ఆయన ‘అల్లుడా’ అనేవాడు, డ్రైవరు ఆయన్ను ‘మామా’ అనేవాడు. మధ్యాహ్నం ఒకే క్యారియరులో సంగటి ముద్దను చెరిసగం తినడం తప్ప వాళ్లకు వేరే చుట్టరికం లేదు.

ఒక పొద్దున విజిల్ మోగలేదు. కుడి చెంప సెలవు పెట్టినట్టు జారిపోయింది, ఆ వైపు కన్ను మూతపడదు, గాలంతా మూతి పక్కనుంచి పోతోంది. “గాలి సోకింది, పసరు పోయించుకో” అని బస్సు బస్సంతా వైద్యులైపోయారు. డాక్టరు మాత్రం రక్తపరీక్ష చేయించి, హెచ్ఐవీ ఉందనీ, మొహంలో నరం దానివల్లే చచ్చుబడిందనీ, మందులతో మొహం మళ్లీ బాగవుతుందనీ చెప్పాడు. ఆ సంగతి ఆయన ఒక్క అల్లుడికే చెప్పుకున్నాడు, కలిసి తింటే అంటుకోదన్న మాటతో సహా.

మూతి సర్దుకుని ఆయన డ్యూటీకొచ్చిన రోజు, జమ్మలమడుగు స్టాండులో ఆగిన బస్సులో నేనూ ఉన్నాను. సగం ముద్ద క్యారియరు మూతలో పెట్టి డ్రైవరుకు అందించబోయాడు.

“రా అల్లుడా, నంజుకోను చెనిక్కాయల ఊరిబిండి ఉండాది.”

డ్రైవరు స్టీరింగు వదల్లేదు. “వద్దులే మామా. ఇంట్లో పిల్లోళ్లుండారు.”

వెనక సీటు పెద్దమ్మ పక్కామెతో గుసగుసగా, అంటే పులివెందులకు వినపడేలా, అంది: “ఆ రోగం ఈయప్పకే మే. డ్రైవరే చెప్పినాడు మా ఇంటాయనకు.”

కండక్టరు మొహం ఈసారి రెండు వైపులా పడిపోయింది. ముద్దను తిరిగి క్యారియరులో పెట్టి, విజిల్ జేబులో వేసుకున్నాడు.

“పోనీయండి, డ్రైవరు గారూ” అన్నాడు.