మావయ్య లారీకి సున్నం పూసిన రోజు

మొన్న విజయనగరంలో నా మనవడి కారుకి పొగ పరీక్ష చేయించాం. కుర్రాడెవరో పొగగొట్టంలో సన్న గొట్టం దూర్చి, మిషన్ వైపు ఓసారి చూసి, కాగితం చేతిలో పెట్టేశాడు. అంతే! నాకు నవ్వొచ్చింది. మా మేనమామ లారీ గుర్తొచ్చింది మరి.

అరవైల చివరి మాట. మావయ్య ఆమదాలవలసలో ఒక షావుకారి దగ్గర ధాన్యం లారీ నడిపేవాడు. యుద్ధకాలం నాటి పెట్రోలు బండి, ముక్కు పొడుగు, చప్పుడు ఇంకా పొడుగు. ఆ ఏడు వానాకాలం ఏమైందో గాని, బండి దిగేసరికి మావయ్య కళ్లు ఎర్రబడి, మనిషి తూలుతూ ఉండేవాడు. ఇంకేముంది, తాగుతున్నాడన్నారు. కల్లు వాసనే గిట్టని మనిషాయన! షావుకారు పిలిచి, "ఇంకోపాలి తూలినావంటే తాళం ఇచ్చీసి ఎల్లిపో" అన్నాడు. ఊరంటే అంది, ఇంట్లో అత్త కూడా రోజూ ఆయన నోరు వాసన చూసేది. అదీ ఆయన్ని కుంగదీసింది.

సంగతేంటో తేల్చుకుందామని అత్త ఓ రోజు తానే లారీ ఎక్కింది, తోడుగా నన్నూ ఎక్కించింది. విజయనగరం దాకా మావయ్యకి కాపలా అన్నమాట. జోరు వాన, కిటికీలకి గోనెలు కట్టేశాం. దారిలో ఆయన మంచినీళ్లు కూడా ముట్టలేదు. సగం దూరానికే నాకు తల పగిలిపోతోంది. అత్తేమో అడ్డపొగ మనిషి, ముప్పై ఏళ్లుగా చుట్ట నిప్పు నోటి లోపలికి పెట్టుకుని కాల్చిన ఘటం. అలాంటిది విజయనగరంలో దిగి, నాలుగడుగులు తూలి, గోడ పట్టుకుని భళ్లున కక్కేసింది. "ఓలమ్మో! మీ మావ తాగనేదే. ఈ బండే మనిసిని తూల్చీసినాది" అని అక్కడే కూలబడి ఏడ్చింది. వాంతికి కాదు, మావయ్యని అన్నాళ్లు అనుమానించినందుకు.

బండిని అక్కడే రిపేరు షెడ్డుకి తీసుకెళితే, మేస్త్రీ బానెట్ ఎత్తి, చెవి ఒగ్గి విన్నాడు. "పొగ ఎక్కడో ఊదేస్తన్నాది గానీ సోటు తెలట్లేదు" అన్నాడు. గొట్టాల నిండా ఏళ్లనాటి మసి. అత్త ఊరుకుంటుందా? "నల్లదాని మీద నలుపు ఏటి కనిపిస్తాదయ్యా? సున్నం పుయ్యి" అంది. మేస్త్రీ నవ్వాడు, నవ్వుతూనే కిళ్లీ కొట్టు నుంచి సున్నం తెప్పించాడు. ఇంజన్ చల్లారాక అతుకులన్నిటికీ పూసి, ఆరాక స్టార్టు చేస్తే, ఇంజన్‌కీ పొగగొట్టానికీ మధ్య అతుకు దగ్గర వేలెడు పొడుగున మసి గీత పడింది. అతుకు సందు మూసే లోపలి ప్యాకింగు కాలిపోయింది. ఆ సందులోంచి వచ్చే పాడుగాలి మావయ్య కాళ్లకింది చెక్కల కంతల్లోంచి లోపలికి ఎక్కుతోంది. ఎండల్లో కిటికీలు తెరిచుండేవి కాబట్టి సరిపోయింది. మేస్త్రీ ఆ అంచు ఆకురాయితో చదును చేసి, కొత్త ప్యాకింగు కోసి బిగించి, కంతలకి రేకు కొట్టాడు. తిరుగు దారిలోనూ వానే, గోనెలు కట్టుకునే వచ్చాం. ఎవరికీ తలనొప్పి లేదు.

మర్నాడు అత్త ఆ కాలిన ప్యాకింగు ముక్క షావుకారి బల్ల మీద పెట్టి, కొట్లో నలుగురూ వినేలా, "తప్పు మీదీ, నాదీని. ఆయనది కాదు" అంది. షావుకారు తాళం మాట మళ్లీ ఎత్తలేదు. లారీ బాగుపడ్డానికి ఒక పూట చాలింది గానీ, మావయ్య బజార్లో తలెత్తుకు నడవడానికి ఏడాది పట్టింది. అయితేనేం, నడిచాడు, ఆ ఏడాదంతా మా అత్త వీధి గుమ్మంలో నిలబడి ఆయన్ని సాగనంపింది.