లాభం, రెండు, మూడు

మాదాపూర్ అప్పుడు జొన్నచేల ఊరు. అక్కకు పదేళ్లు, నాకు ఎనిమిది. అక్కకు ఉన్నది డౌన్ సిండ్రోమ్ అని నాకు నడివయసులో తెలిసింది, ఒక దవాఖానలో అచ్చం ఆమె ముఖమే ఉన్న పాపను చూసి, ఆ తల్లిని అడిగినప్పుడు. మా ఇంట్లో మాత్రం నిదానం పిల్ల అనేవారు.

"నిదానమైతే ఏంది, రైలుకు పోవాల్నా?" అనేది నాయనమ్మ.

అక్కకు లెక్క నేర్పింది ఆమెనే. అక్క చేతిని తన చేతిలో పట్టుకుని గింజలు కొలిచే మానిక నింపించేది, అరచేత్తో పైన చదును చేయించేది, జొన్నలు గంపలో పడ్డాకే అంకె చెప్పించేది. చెయ్యి కదలకుండా నోటిని కదలనిచ్చేది కాదు. రెండు పంటలు గడిచేసరికి అక్క పది వరకు ఒంటరిగా కొలిచేది. కల్లంలో మొదటి మానికను ఒకటి అనరు, లాభం అంటారు. ఏడు అంటే ఏడవమన్నట్టు ఉంటుందని ఆరున్నొక్కటి అంటారు. అక్కకు తెలిసిన లెక్క అదే.

1949లో మా ఊరి చావిడిలో తెలుగు బడి పెట్టారు. నాయన మా ఇద్దరినీ తీసుకుపోయాడు. పంతులు పట్నంలో పుట్టి పెరిగినవాడు. నన్ను వెంటనే చేర్చుకున్నాడు. అక్క ముందు చింతగింజలు పోసి లెక్కపెట్టమన్నాడు. అక్క ఒక గింజ తీసి పక్కన పెట్టి, లాభం అంది. తర్వాత రెండు, మూడు. ఒక్కటీ తప్పలేదు. ఆరున్నొక్కటి దగ్గర పంతులు ఆపేశాడు. ఒకటీ రాదు, ఏడూ రాదు, ఈ పిల్ల ఇంటి దగ్గరుంటేనే మంచిది అన్నాడు.

"కల్లంల గట్లనే అంటరు పంతులూ," అన్నాను. పంతులు నన్ను కూర్చోమని నాయన వైపు చూశాడు.

పంట పంటకూ లాభం అనే కొలత మొదలుపెట్టే మనిషి నాయన. రుమాలు చేతుల్లో నలుపుతూ, "మీకు ఎరుక పంతులూ," అన్నాడు.

సంగతి విని నాయనమ్మ ఊరుకోలేదు. "నోట్లె జొన్నలు పోసుకున్నవారా? మా దిక్కు లెక్క గిట్లనే ఉంటదని ఒక్క మాట అనకపోతివి."

చదువుకున్న మనిషితో ఎదురు మాట్లాడడం ఎట్లా అని నాయన సణిగాడు. తప్పు దిద్దితే మళ్లీ చూస్తారనుకుని, ఇంట్లో ఇక ఒకటి అనే అనాలని పట్టుబట్టాడు. అక్క లాభం అనగానే ఆపేవాడు. కోప్పడలేదు, ఆపేవాడంతే. బడి ఆశతో నాయనమ్మ కూడా ఒప్పుకుంది. కొన్నాళ్లకు అక్క ప్రతి అంకెకూ ముందు మా ముఖాలు చూడడం మొదలుపెట్టింది. కొత్త జొన్నలు వచ్చేసరికి మానిక నింపి, చదును చేసి, గంపలో పోసి, ఏమీ అనకుండా కూర్చునేది.

మరుసటి సంవత్సరం పంతులు మారాడు. కొత్తాయన పల్లెటూరివాడేనట, ఒకసారి తీసుకుపొమ్మని నాయనమ్మ బతిమాలింది.

"ఏం చూపియ్యాలె అమ్మా," అన్నాడు నాయన. "ఇప్పుడు అస్సలే చెప్తలేదు గద."