హాయిల్‌లో నాన్న వంట చేసిన రోజులు

మా చిన్నప్పుడు మధ్యాహ్నం ఆసుపత్రి బస్సు మా వీధి మలుపు తిరిగిందంటే చాలు... నాన్న పొయ్యి కట్టేసి, కిటికీ పరదా పక్కకి లాగి, "వచ్చేశారమ్మా సిస్టర్ గారు!" అని కేకేసేవారు. అమ్మ మెట్లెక్కి వచ్చేసరికి మూడు కంచాల్లో అన్నం పెట్టి ఉండాలి. అదీ మా ఇంటి రూలు.

ఊరు సౌదీలో హాయిల్. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో... అమ్మ అక్కడ నర్సు. నాన్న నరసాపురంలో రేడియోలు, టీవీలు బాగుచేసే మెకానిక్. అమ్మకి మగతోడుగా వీసా ఇస్తే కొట్టు మూసుకుని వచ్చేశారు. ఆయన ఇఖామా మీద మాత్రం 'పని చేయడానికి అనుమతి లేదు' అని ఉండేది. ఇఖామా అంటే అక్కడ ఉండనిచ్చే కాగితం లెండి.

అందుకే వంట. గడ్డకట్టిన చేపతో పులుసు పెట్టి, "ఇదీ ఒక చేపేనా..." అని ఆయనే సణుక్కునేవారు. క్వార్టర్స్‌లో మగాళ్ళు "ఏం బ్రదర్, ఇవాళేం కూర?" అని ఆట పట్టించేవారు. నాన్న నవ్వేసేవారు గానీ, ఇంటికొచ్చి బాగానే పనిచేస్తున్న ఇస్త్రీపెట్టెని విప్పి మళ్ళీ బిగించేవారు. నాకు జాలేసేది.

అక్కడ చర్చికి అనుమతి లేదు కాబట్టి శుక్రవారం నాలుగు కుటుంబాలం ఒకరింట్లో చేరి, తలుపులేసుకుని, గొంతు తగ్గించి పాటలు పాడుకునేవాళ్ళం. ప్రార్థనలో నాన్న ప్రతిసారీ ఒకటే అడిగేవారు... "ప్రభువా, నా చేతులకి పని ఇవ్వు."

ఇచ్చాడు.

బజార్లో అన్వర్ భాయ్ అని ఒక పాకిస్తానీ ఆయనకి కంప్యూటర్లు బాగుచేసే షాపు ఉండేది. "ఘర్ మే బైఠ్‌కే క్యా కరోగే ఉస్తాద్? ఆ జావో" అన్నాడు. ఇంట్లో కూర్చుని ఏం చేస్తావు, వచ్చెయ్ అని. నాన్న సాయంత్రాలు షాపు వెనక గదిలో కూర్చోవడం మొదలుపెట్టారు. అమ్మకి భయమే... కానీ నాన్న మళ్ళీ ఈల వేసుకుంటూ మెట్లెక్కడం విని, వద్దనలేకపోయింది.

జనం పారేసిన ముక్కలన్నీ ఏరి, నాకోసం ఒక కంప్యూటర్ తయారుచేసి తెచ్చారు. పక్క మూత కూడా లేదు దానికి. స్కూల్లో నేర్పిన నాలుగు ముక్కలతో దాని మీద నా మొదటి ప్రోగ్రాం రాశాను. పేరు అడుగుతుంది, కొడితే పలకరిస్తుంది... అంతే. నాన్న ఒక్క వేలితో తన పేరు కొట్టారు. 'నమస్కారం దేవదానం గారూ' అని ఇంగ్లీషు అక్షరాల్లో వచ్చింది.

"సుగుణా! ఇటు రా... ఇది నన్ను గారూ అంటోందే!"

అమ్మ ఎంత నవ్విందంటే... కళ్ళలో నీళ్ళొచ్చేశాయి. వాళ్ళిద్దరూ అలా ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వడం నేను చూడటం అదే ఆఖరు.

ఒకరోజు బజార్లో పోలీసుల చెకింగ్ వచ్చింది. అన్వర్ భాయ్ మా గుమ్మంలో నిలబడి పిల్లాడిలా ఏడ్చాడు. "మైనే బోలా భాగో ఉస్తాద్, పీఛే దర్వాజా ఖులా హై... బోలా, ఏక్ మినిట్." వెనక తలుపు తీసే ఉంది, పారిపొమ్మంటే నాన్న ఒక్క నిమిషం అన్నారట.

నాన్న ముందు ఎవరిదో కంప్యూటర్ సగం విప్పి ఉందట. విప్పినదాన్ని అలా వదిలేసి లేవడం ఆయన వల్ల కాదు. జీవితంలో ఎప్పుడూ కాలేదు. మరలు బిగిస్తుంటే పట్టుకున్నారు.

అమ్మ ఆసుపత్రి ఆఫీసులో కనబడిన ప్రతివాళ్ళనీ బతిమాలింది. నిర్బంధంలో ఎక్కువకాలం ఉంచకుండా ఎక్జిట్ ముద్ర కొట్టి ఇండియాకి పంపేస్తామన్నారు. మళ్ళీ రావడం కుదరదన్నారు. అమ్మకి షిఫ్టులు, నన్ను ఒంటరిగా ఎలా ఉంచుతుంది? నాన్నతో నేనూ బయల్దేరాను. అమ్మ కూడా వచ్చేస్తే ఇల్లు గడవదు. ఎయిర్‌పోర్టుకి డ్యూటీ బట్టల్లోనే వచ్చింది.

"ఒక్క ఏడాది. వచ్చేస్తాను" అంది అమ్మ.

"ఆరోగ్యం జాగ్రత్త" అన్నారు నాన్న.

నలుగురిలో అంతకంటే ఏం మాట్లాడుకుంటారు...

ఆ ఏడాది తరవాత నా ఇంటరొచ్చింది. తరవాత ఇంజనీరింగ్. తరవాత నా పెళ్ళి. అమ్మ సెలవుకి వచ్చేది, చుట్టంలా పెట్టె విప్పకుండానే వెళ్ళిపోయేది. నరసాపురంలో నాన్న మళ్ళీ కొట్టు తెరవలేదు. ఎంత పోరినా స్క్రూడ్రైవర్ ముట్టుకోలేదు. శుక్రవారం అమ్మ ఫోన్ చేస్తే మొదట్లో గంటసేపు మాట్లాడేవారు... తరవాత తరవాత "ఇదుగో, అమ్మాయికిస్తున్నా" అనేవారు.

హైదరాబాద్‌లో నాకు ప్రోగ్రామర్‌గా ఉద్యోగం వచ్చిన రోజు, "ఇంక చాలమ్మా, వచ్చెయ్" అన్నాను.

"ఇక్కడ నేను సిస్టర్‌నే. అక్కడికొచ్చి నేనెవర్నే?" అంది.

మోకాళ్ళు మొరాయించాక వచ్చింది. ఇప్పుడు ఇద్దరూ నా దగ్గరే, నా ఫ్లాట్‌లోనే ఉన్నారు. ఇన్నాళ్ళకి కలిపాను కదా అని నేనెంత మురిసిపోయానో!

"మీ నాన్నగారు టీ తాగుతారేమో అడుగు" అంటుంది అమ్మ.

"మీ అమ్మగారికి ఫ్యాను గాలి ఎక్కువైందేమో చూడు" అంటారు నాన్న.

పోట్లాట లేదు. పోట్లాడుకున్నా బాగుండేది... ఒకరు హాల్లోకి వస్తే ఇంకొకరు మర్యాదగా లేచి కుర్చీ ఇస్తారు. ఆఫీసులో ఎంత చిక్కుపడ్డ తప్పునైనా రెండ్రోజులు తవ్వి పట్టుకుంటాను నేను. ఇక్కడ ఎవరి తప్పని వెతకను?

మొన్న మా చిన్నది అన్నం తింటూ అడిగింది... "అమ్మా, అమ్మమ్మ తాతయ్యకి ఏమవుతుంది?"

ఇద్దరూ విన్నారు. ఇద్దరూ తలొంచుకుని తింటూనే ఉన్నారు.

ఇప్పుడంతా మారిపోయింది. ఎంత దూరాన ఉన్నా ఫోన్‌లో మొహాలు చూసుకుంటున్నారు, కబుర్లు చెప్పుకుంటున్నారు. మాకు ఆ రోజుల్లో అవి లేవు... అందుకే ఇలా అయిందని సరిపెట్టుకుంటాను. నిజమో కాదో తెలియదు.

గల్ఫ్‌కెళ్ళి, ఏళ్ళకేళ్ళు విడిపోయి బతికిన అమ్మానాన్నలు మీ ఇళ్ళలోనూ ఉండే ఉంటారు. వాళ్ళు మళ్ళీ మాట్లాడుకున్నారా? మాట్లాడుకుంటే... ముందు ఎవరు మొదలుపెట్టారో, ఏమని మొదలుపెట్టారో కాస్త రాయండి. నాకు కావాలి.