బూట్ల జట్టును ఓడించిన జంపఖానా నేతగాళ్లు

ఆట మీద మోజుతో కాదు, మా బావ ఓడిపోతే కళ్లారా చూసి రావడానికే నేను హనుమకొండ బయలుదేరాను. పంపింది పురిటికి మా ఇంటికొచ్చిన అక్క. బావ కొమురయ్య హనుమకొండ పక్కన కొత్తవాడలో జంపఖానాలు నేస్తాడు. ఫుట్‌బాల్ ఆడుతూ ఒకసారి కాలు విరిగినా బంతి వదల్లేదు. ఈసారి ఓడితే ఇక ముట్టనని అక్కకు ఒట్టేశాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక వచ్చిన చలికాలం అది. సింహళం, బర్మా, ఇంగ్లండు సిపాయిల జట్లకు పోటీ పెట్టి, నాలుగో జట్టు రాకపోయేసరికి మా నేతగాళ్లను చేర్చుకున్నారు. బర్మావాళ్లతో సమంగా ఆడి, నాణెం ఎగరేస్తే వీళ్లు చివరి ఆటకు వచ్చారు. దాన్ని గెలుపని ఎవరూ అనుకోలేదు.

మా నర్సంపేటలో ఉదయం ఏడింటికి బస్సు, టికెట్టు ఆరణాలు. సంగతి చెబితే డ్రైవరు నవ్వాడు. "బూట్లోళ్ల ముంగట ఉత్తకాళ్లోళ్లు జరసేపన్న నిలుస్తరా?" అన్నాడు. నిలవకూడదనే నేనూ కోరుకున్నాను. హనుమకొండలో దిగి, రెండణాలకు జొన్నరొట్టె, పప్పు తిని మైదానానికి నడిస్తే పావుగంట పట్టింది.

మూడింటికి ఇంగ్లండు సిపాయిలతో ఆట మొదలైంది. చివరిదాకా ఎవరికీ గోలు రాలేదు. ఇక అయిపోతుందనగా బంతి బావకు దొరికింది. ఎదురుగా గోలీ ఒక్కడే. అక్క మాట ఎప్పుడు మరిచానో తెలియదు, కొట్టు బావా అని గొంతు చించుకుంటున్నాను. ఆయన కొట్టలేదు. తల తిప్పకుండా బంతిని ఎడమకు తోశాడు. మైదానమంతా ఉసూరుమంది. గోలీ మాత్రం అప్పటికే బావ మీదికి దూకేశాడు. ఎడమవైపు రాజయ్య ఉన్నాడు, బావతో ఒకే మగ్గం మీద పక్కన కూర్చుని నేసేవాడు. ఖాళీ గోలులోకి కొట్టేశాడు. నేను ముక్కూమొహం తెలియని మనిషిని కావలించుకుని ఏడ్చాను.

ఆ క్షణంలో ఏమనుకున్నావని తర్వాత బావను అడిగాను. "అండ్ల అనుకునుడేముంది బామ్మర్ది? సగం దాక నేను నేస్త, ఆడికెల్లి దారం రాజయ్య చేతికిస్త. పన్నెండేండ్ల సంది గదే పని," అన్నాడు.

వెళ్లేవారికి ఒక్క మాట. ఆఖరి బస్సు అయిదింటికే పోతుంది, అందుకని రాత్రికి బస ముందే చూసుకోండి. నేను చూసుకోలేదు, బావ ఇంట్లో పడుకుని మర్నాడు ఇల్లు చేరాను. ఓటమి కోరి వెళ్లిన నేను ఇంత సంతోషంగా తిరిగొచ్చిన ప్రయాణం ఇంకొకటి లేదు. అక్కకు ఎలా చెప్పాలా అని గడపలోనే తటపటాయిస్తుంటే, నా ముఖం చూసి అంతా గ్రహించింది. తర్వాత మెల్లగా అడిగింది: "మళ్ల ఆట ఎన్నడంట తమ్మీ? ఈసారి నేను గూడ వస్త."