మనోరమ వంక పెట్టని ఊరు

మనోరమ ఏ ఊరి ముచ్చట ఎత్తుకున్నా ముందుగాల ఆ ఊరి వంకలే చెప్తది. మంచి తర్వాత. అది ఆమె రివాజు, ఎవరు మార్చుకొమ్మన్నా మార్చుకోదు.

చిక్కడపల్లి కూరగాయల మార్కెట్ ఎనక గల్లీల, మెట్లెక్కంగనే వచ్చే ముందరి గదే ఆమె ఆఫీసు. ఒక బల్ల, ఒక ఫోను, గోడకు ఆసియా ఖండం పటం. కాశీ రామేశ్వరాలతోని మొదలువెట్టిన మనిషి మెల్లమెల్లగ ఆ పటం మీదికెక్కింది. ఇప్పుడు ఏడాదికొక దేశం, ఆ దేశం రాజధాని. చుట్టుపక్కల రిటైరైన సార్లు, టీచరమ్మలు, దుకాణాలోళ్ళు, ఇంటి బాధ్యతలు జర తీరినోళ్ళు, వీళ్ళే ఆమె యాత్రికులు. పోయే ముందు ఒక ఆదివారం పొద్దుగాల ఆ గదిల మీటింగు పెడ్తది. కింద చాపలు, మోకాళ్ళ నొప్పులోళ్ళకు కుర్చీలు. ఆర్టీసీ డిపోల పనిచేసి రిటైరైన ఆమె పెనిమిటి శ్రీపతి వంటింట్ల ఉప్మా కలుపుతుంటడు. మనోరమ నిలబడి, పోబోయే ఊరిని పరిచయం చేస్తది. పరిచయం ఏంది నా మొహం, ఉతికి ఆరేస్తది.

"బ్యాంకాక్ వస్తరా? రాండ్రి. చెమటకు చీర ఒంటికి అతుక్కపోతది. ట్రాఫిక్ జాముల కూసుంటే మన ఆర్టీసీ క్రాస్‌రోడ్డే గుర్తుకొస్తది. గుడికి పోవాలంటే భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలె. మళ్ళ ఆడికొచ్చినంక నాకు తెల్వదంటే నేను వినను."

ఖాట్మండు అంటే దుమ్ము సంగతి, చేతుల ప్రసాదం గుంజుకపోయే కోతుల సంగతి. థింపూ అంటే కొండలు, మెట్లు, ఎక్కుతుంటే పట్టుకునే ఆయాసం. కౌలాలంపూర్ అంటే చెప్పాపెట్టకుండ మీదవడే వాన. ఇవన్ని విన్నంక గూడ లేవకుండ కూసున్నోళ్ళకే అసలు ముచ్చట చెప్తది. తెల్లారుజామున భిక్షాపాత్రలు పట్టుకొని బ్యాంకాక్ గల్లీలల్ల నడిచే సన్యాసులు, సిగ్నల్ లైట్లు లేని థింపూల చేతులు తిప్పుకుంట బండ్లను ఆపే పోలీసాయన, ఇట్ల.

"గిరాకీని చెడగొట్టుకుంటున్నవే," అని శ్రీపతి మొదట్ల మొత్తుకునేటోడు.

"పిల్లకు కోపమెక్కువని పెండ్లికి ముందే చెప్పిన్రనుకోండ్రి," అనేది మనోరమ. "రేపు ఆ పిల్ల అలిగితే ముందే చెప్పిన్రు గదా అనుకుంటరు. చెప్పకపోతే మోసం చేసిన్రంటరు. ఊరు గూడ అంతే."

ఆమె మాటే నిలిచింది. తోలుకపోయినోళ్ళల్ల ఒక్కరు గూడ తిరిగొచ్చినంక మనోరమను ఒక్క మాట అనలే. హనోయ్‌కి పోయే ముందైతే ఆమె చేసిన హంగామా అంతా ఇంతా గాదు. ఆడ రోడ్డు దాటాలంటే మనలెక్క చెయ్యి చూపెట్టి ఉరుకొద్దు, మెల్లగ ఒక్క తీరుగ నడుస్తుంటే బండ్లే పక్కకెల్లి పోతయని చెప్పి, అందరిని మెయిన్ రోడ్డు మీదికి తోలుకపోయి నడిపించి చూసింది. ఒక ఆటో అన్న బ్రేకేసి, "ఏందమ్మా, ఊరేగింపా? దేవుడెక్కడ?" అని తిట్టుకుంట పోయిండు.

ఇగ ఈ ఏడాది వంతు ఉలాన్‌బాతర్‌ది. మంగోలియా రాజధాని.

ఈ ఊరి మీద మనోరమకు శానా ఏండ్ల సంది మనసుంది. ప్రతిసారి "ఈపారి ఉలాన్‌బాతర్ పోదామా?" అని అడిగేది. ఒకళ్ళు బుద్ధుడి గుళ్ళంటరు, ఒకళ్ళు బజార్లంటరు, ఇంకొకళ్ళు దగ్గర్ల ఏదన్న చూడమంటరు. సరేనని ఊకునేది. మొన్న డాక్టరమ్మ మోకాళ్ళ ఫొటో చూసి, ఇగ దూరం ప్రయాణాలు తగ్గించుమన్నది. దాంతోని మనోరమకు బుగులు పట్టుకున్నది. ఈ ఎండకాలం పోతే పోయినట్టు, లేకపోతే ఆ ఊరు పటం మీదనే ఉంటది. కనీసం పదిమంది పేర్లియ్యకపోతే టూరే పడదు. తను ఒక్కతే పోయే ధైర్యం ఆమెకు లేదు, పోనిచ్చే ధైర్యం శ్రీపతికి అసలే లేదు.

ఆదివారం గది నిండింది. అందరికన్న ముందు కమలవ్వ వచ్చింది. అశోక్‌నగర్‌ల ఆడపిల్లల హాస్టల్ నడిపే ముసలమ్మ. జిల్లాలకెల్లి గ్రూప్స్ పరీక్షలకని వచ్చిన పిల్లలు పొద్దుగాల లేచి దేశాలు, రాజధానులు బట్టీ పడ్తుంటే గోడవతల కమలవ్వకు సుప్రభాతం లెక్క వినవడ్తది. "వాళ్ళు చదువుతరు, నేను పోయి చూసొస్త," అంటది. ఆమె పక్కన నవనీత, నారాయణగూడల టైలర్ దుకాణం నడుపుతది, ఏ ఊరికి పోయినా ఆడ జాకెట్లెట్ల కుడ్తరో చూసొస్తది. కుర్చీల రాజశేఖర్ సారు, హిమాయత్‌నగర్‌ల ఉండే రిటైర్డ్ లెక్చరర్. శ్రీలంక రాజధాని కొలంబో అంటే "కాదమ్మా, శ్రీ జయవర్ధనపుర కోట్టె" అని సరిదిద్దిన మనిషి. "అట్లనే సార్, మీరు కోట్టెల ఉండుండ్రి, మేం కొలంబోల ఉంటం," అని మనోరమ అంటే నవ్విండు గాని మాట మాత్రం మార్చుకోలే.

మనోరమ లేచి నిలబడ్డది. నెల సంది ఆ ఊరి వంకలన్ని ఏరి పెట్టుకున్నది, ఒకటా రెండా. గొంతు సవరించుకొని అందరి మొహాలు చూసింది. ఇవి చెప్తె వీళ్ళు లేచి పోతరు, వీళ్ళు పోతే టూరు పోతది. నాలుక మీదికొచ్చిన వంకను మింగేసింది.

"ఉలాన్‌బాతర్ ఆకాశం మస్తు నీలంగుంటది," అన్నది. "జులైల మనం పోతం. మనకు సంక్రాంతి ముందర పొద్దుగాల ఎట్లుంటదో, ఆడ ఎండకాలం అట్లుంటది. రాత్రి తొమ్మిదైతే గాని పొద్దు మూకదు. పెద్ద మఠమున్నది, లోపట తాటిచెట్టంత ఎత్తు బోధిసత్వుడు, బంగారు రంగుల ధగధగ మెరుస్తుంటడు. మన హుస్సేన్‌సాగర్ బుద్ధుడు ఎండల, వానల నిలవడ్డడు గదా, ఈయనకు ఇల్లుంది. పండుగొస్తది, కుస్తీలు పడ్తరు, బాణాలేస్తరు, చిన్నచిన్న పిల్లలు గుర్రాలురికిస్తరు..."

చెప్పుకుంటనే పోయింది. చాయ చల్లారింది. వంటింటి గుమ్మంల శ్రీపతి గంటె పట్టుకొని నోరు తెరిచి చూస్తున్నడు.

కమలవ్వ నవనీత చెవి దగ్గరికి వంగింది. మెల్లగ మాట్లాడిననుకున్నది గాని ఆమె మెల్లగ అంటే గది మొత్తానికి వినవడ్తది. "ఏందే పోరీ, ఒక్క వంక గూడ చెప్తలేదు. అంత ఘోరమున్నదా ఆడ?"

"అదే నాకు పరేషాన్ అయితున్నది," అన్నది నవనీత. "అక్కా, దొంగలెక్కువనా?"

"అయ్యో, ఏం లేదు."

"భూకంపాలొస్తయా అమ్మా?" అని రాజశేఖర్ సారు అడిగిండు.

"ఏం లేదు సార్, మంచిగుంటది."

"తిండో?"

"తిండి గూడ మంచిగుంటది."

"ఏం తిండి?"

"మంచి తిండి, సార్."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఏం లేదు ఏం లేదు అనుడే గాని, ఇంకో మాట నోట్లెకెల్లి రాదాయె. గదిల గుసగుసలు. ఇన్నేండ్లు ఖాట్మండు కోతుల సంగతి గూడ దాయని మనిషి, ఇయ్యాల ఇంత తియ్యగ మాట్లాడ్తున్నదంటే ఆ ఊర్ల ఏదో ఉన్నది. రాజశేఖర్ సారుకు ఉన్నట్టుండి మనవరాలి పుట్టినరోజు యాదికొచ్చింది. జులైలనేనట. ఆయన లేస్తే ఆయనెనక ఇద్దరు టీచరమ్మలు లేచిన్రు. వచ్చేసారి చూద్దామని ఒకళ్ళు, ఇంట్ల అడిగి చెప్తమని ఒకళ్ళు. తనను తాను తిట్టుకుంట మనోరమ బల్ల అంచు పట్టుకొని నిలవడ్డది. కండ్లల్ల నీళ్ళు తిరుగుతున్నయ్.

శ్రీపతి గంటె పట్టుకొనే నడిమిట్లకొచ్చిండు.

"ఏమే, నీకేమైంది? పెండ్లిచూపుల్ల నా ముందర కూసొని, నాకు పొద్దుగాల లేవరాదు, కోపమొస్తె అన్నం తినను అని నీ వంకలన్ని నువ్వే చెప్పుకున్నవ్. మా అమ్మ బిత్తరపోయింది. ఈ ఊరు నీకన్న ఎక్కువనా, దాని వంకలు దాస్తున్నవ్?"

గదంతా నవ్వింది. మనోరమ నవ్వలే, ఏడ్వలే, రెండిటి నడిమిట్ల ఆగింది.

"కూసోండ్రి," అన్నది. "వంకలున్నయ్. బొచ్చెడున్నయ్."

ఇగ మొదలువెట్టింది. ప్రపంచంల రాజధానులన్నిట్ల బాగ చలి ఊరు అదేనన్నది. చలికాలం బొగ్గు పొగకు ఎదుటి మనిషి కనవడడని, మనం ఎండకాలం పోతం గనుక బతికిపోతమని చెప్పింది. ట్రాఫిక్‌ల ఇరుక్కుంటే మన నారాయణగూడ స్వర్గమనిపిస్తదన్నది. చాయల పాలు పోస్తరు, అంతదాకా బాగానే ఉంటది, మల్ల దాంట్ల ఉప్పేస్తరన్నది.

"ఉప్పా?" అని ఇద్దరు ముగ్గురు ఒక్కపారే అన్నరు. లేచినోళ్ళు ఒకరొకరే మల్ల చాపల మీదికొస్తున్నరు.

"ఉప్పే. కూరగాయలంటే ఆలుగడ్డ, క్యాబేజీ, అంతే. దేంట్ల చూసినా మటనే."

"మటన్ గూడ వంకనా?" అన్నది కమలవ్వ. "నడువు, మంచిగ చెప్తున్నవ్."

"రెండు విమానాలు మారాలె. మన భాష రాదు, మన ఇంగ్లీషు వాళ్ళకు ఎంత అర్థమయితదో దేవునికే ఎరుక. ఊరి బయట గుడారాలల్ల పడుకోవాలె, బాత్రూం బయటుంటది. నేనింతవరకు ఆ ఊరు చూడలే, చూసినోళ్ళు గూడ మనల ఎవ్వరు లేరు. ఇదీ సంగతి."

అందరి మొహాలు తేటవడ్డయ్. రాజశేఖర్ సారు కుర్చీల సర్దుకొని కూసొని ఉప్మా అడిగిండు.

"మరి ఇందాక ఎందుకు దాసినవ్ బిడ్డా?" అని కమలవ్వ అడిగింది. ఈసారి నిజంగనే మెల్లగ అడిగింది.

మనోరమ చాప మీద కూలవడ్డది. "ఏం చెప్పాలె అవ్వా. నేను ఈ గల్లీలనే రెండు గదుల ఇంట్ల పుట్టిన, ఇంటినిండ మందే. పెండ్లి చేసుకొని పక్క గల్లీలకొచ్చిన. చెయ్యి చాపితే పక్కింటోళ్ళ గోడ తాకుతది. టూరుకు పోతే పొద్దందాక మీ కేకలే. మనోరమక్కా నా చెప్పులు, మనోరమక్కా నా పాస్‌పోర్టు, మనోరమక్కా షుగర్ గోళీ. ఏ రాజధానికి పోయినా నేను బాగ చూసింది మీ తలకాయలే, తప్పిపోతరని లెక్కవెట్టుకుంట తిరిగిన. మీ మీద కోపం గాదు, మీరంటే నాకు పాణం. గాని ఆ ఊరు దాటితే గడ్డి మైదానమంట. గోడ లేదు, కంచె లేదు, చూపు పోయినంత దూరం మనిషి లేడు. ఆడ ఒక్కపూట నిలవడాలె. ఎవ్వరు పిలువకుండ. గంతే నా ఆశ. మీరు రాకపోతే టూరు వడదని వంకలు నోట్లెకెల్లి రాలే."

శ్రీపతి కిందికి చూసుకుంట నిలవడ్డడు. పెండ్లయిన ఇన్నేండ్లకు ఈ మాట ఆయన గూడ మొదటిసారి విన్నడు.

కమలవ్వ నవనీత భుజం పట్టుకొని లేచింది. పోతున్నదేమో అనుకున్నరు. ఆమె బల్ల దగ్గరికొచ్చింది.

"నా పేరు రాయి. ఇన్నేండ్లు నువ్వు మమ్మల్ని తోలుకపోయినవ్. ఈపారి మేం నిన్ను తోలుకపోతం."

"పాస్‌పోర్టులన్ని నా సంచిల," అన్నది నవనీత.

"తలకాయలు నేను లెక్కవెడ్త," అన్నడు రాజశేఖర్ సారు. మనవరాలి పుట్టినరోజు మాట ఎవ్వరు ఎత్తలే. ఉప్మా అయిపోకముందే పదిమంది దాటిన్రు. మనోరమ అందరి ముందర, సిగ్గువడకుండ, కొంగు మొహానికి అడ్డం పెట్టుకోకుండ ఏడ్చింది.

జులైల పోయిన్రు. ఊర్ల జాముల ఇరుక్కున్నరు, ఉప్పు చాయ తాగిన్రు, బోధిసత్వుడి ముందర తలెత్తి మెడలు నొప్పివెట్టేదాక నిలవడ్డరు. మూడోనాడు బస్సు ఊరు దాటి మైదానం దగ్గర ఆగింది. మనోరమ దిగి నడిచింది. మోకాళ్ళు నొప్పివెడ్తుంటే మెల్లగ, ఒక్కతే. నడిచి నడిచి, బస్సుకాడికెల్లి చూస్తే వేలెడంత కనవడేంత దూరంల ఆగి నిలవడ్డది.

గాలి లేచింది. చలి పెట్టింది. రాజశేఖర్ సారు ఉన్నంతమందిని లెక్కవెట్టి, ఒకళ్ళు తక్కువున్నరని తెలిసి గూడ నోరు మూసుకున్నడు. నవనీతకు బీపీ గోళీల డబ్బీ ఎక్కడ పెట్టిందో యాదికి రాలే, అయినా అడగలే. శ్రీపతి ఆమె స్వెట్టర్ చేతుల పట్టుకొని నిలవడ్డడు. రెండుసార్లు నోరు తెరిచిండు, రెండుసార్లు మూసుకున్నడు. శానాసేపైనంక డ్రైవర్ గడియారం చూసుకొని హారన్ మీద చెయ్యి పెట్టబోయిండు. కమలవ్వ ఆ చెయ్యి పట్టుకున్నది.

"ఆగు నాయనా," అన్నది, ఆయనకు తెలుగు రాదన్న సంగతే మరిచి. "మా పిల్ల చూస్తున్నది."

ఆయనకేం అర్థమైందో ఏమో, తాళంచెవి తీసి జేబుల ఏసుకున్నడు.