అవతలి పక్షం పేరు

మొన్న పాతబస్తీలో, హుస్సేనీ ఆలంలో ఒక పెద్దాయన చేత సంతకం పెట్టించుకుని తిరిగి వస్తుంటే, ఎవరో తమ కిటికీకి కట్టిన వట్టివేళ్ల తడిక మీద నీళ్లు చల్లుతున్నారు. ఆ తడి వాసన తగలగానే నా కాళ్లు వాటంతట అవే ఆగిపోయాయి. ఇప్పుడు మా ఆఫీసులో గదికో ఏసీ ఉంది, ఎండాకాలం ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోయిందో కూడా తెలియదు. అయినా వకాలత్ అనగానే నాకు గుర్తొచ్చేది ఆ వాసనే. లాల్‌దర్వాజాలో ఒక ఇరుకు ముందు గది, ఒకే కిటికీ, దానికో తడిక, ఆ పక్కన కుర్చీలో కళ్లు మూసుకుని ఎదుటి మనిషి చెప్పేది వింటున్న మా సీనియర్ విఠల్‌రావు సార్. కళ్లు మూసుకున్నారు కదా అని మధ్యలో చెప్పడం ఆపితే, "ఊఁ, తర్వాత?" అనేవారు.

గల్లీకంతటికీ ఆయన వకీల్ సాబ్. హిందువులకీ, ముస్లిములకీ, షాపులవాళ్లకీ, అద్దెకున్నవాళ్లకీ ఇల్లు, పెళ్లి, దుకాణం ఏ లొల్లి వచ్చినా మొదట తట్టే తలుపు ఆయనదే. ఆయనకో పద్ధతి ఉండేది. వచ్చిన మనిషికి ముందు చాయ్ ఇవ్వాలి, కడుపులో ఉన్నదంతా చెప్పుకోనివ్వాలి. ఎవరి మీద కొట్లాట అన్నది చివర్లోనే అడగాలి. కొత్తగా చేరిన రోజుల్లో నేను తొందరపడి "ఎవరి మీద కేసు?" అని ఒకాయన్ని మొదటి మాటలోనే అడిగేశాను. ఆయన వెళ్లాక సార్ నన్ను పిలిచారు. "సుజాతమ్మా, ఇంటికొచ్చిన మనిషిని ఠాణాల నిలవెట్టినట్టు అడిగితివి. గది బద్తమీజీ, మర్యాద గాదు. ఆయన బాధ ముందు, పేర్లు ఎనుక," అన్నారు. నాకు ముక్కు మీద కోపం. కాలేజీలో నేర్చుకున్నది వేరు, ఇక్కడ జరుగుతున్నది వేరు అని లోపల్లోపల గొణుక్కున్నాను.

నా తాపత్రయమంతా ఆ ముందు గదిని ఒక ఫర్మ్‌గా నిలబెట్టాలని. కంప్యూటర్లు పెట్టించాను, ఇద్దరు జూనియర్లని చేర్పించాను, కక్షిదారుల పేర్లన్నీ ఎక్కించి ఒక సాఫ్ట్‌వేర్ తెప్పించాను. కొత్త కేసు వచ్చినప్పుడు అవతలి పేరు కొడితే, వాళ్లు ఇంతకుముందు మన కక్షిదారులో కాదో అది చెబుతుంది. బోర్డు మార్చి పేరు పక్కన 'అసోసియేట్స్' అని రాయిద్దామన్నాను. సార్ పైకి చూశారు. "అసోసియేట్స్ అంటే ఎవరమ్మా? నువ్వు, నేను, గీ ఫ్యానా?" అన్నారు. నవ్వారు గానీ వద్దనలేదు. బోర్డు మారింది. గల్లీలో పిల్లలకి కూడా కనిపించేంత పెద్ద బోర్డు. దాన్ని చూసుకుని నేను మురిసిపోయాను.

ఆ రోజుల్లోనే మొఘల్‌పురా నుంచి ఒకావిడ వచ్చింది. మెహర్ ఖాలా, అంటే మెహర్ పిన్ని, అందాం. వాళ్ల నాన్న బతికుండగానే, తను ఉంటున్న ఇల్లు నోటిమాటగా ఆమెకు దానం చేశాడట. వాళ్ల మత చట్టంలో అది చెల్లుతుంది, కానీ చూసినవాళ్లు సాక్ష్యం చెప్పాలి. సాక్షుల్లో ఒకరు చనిపోయారు. మిగిలిన ఒక్కాయనతో ఖాలాకి మాటల్లేవు. "తమ్ముండ్లు మంచిగనే ఉన్నరు వకీల్ సాబ్, ఏం ఫికర్ లేదు. ఊరికెనే దిల్‌ల ఉంచుకోలేక చెప్పిన," అంది. చాయ్ తాగింది, వెళ్లిపోయింది. కేసు లేదు, వకాలత్‌నామా లేదు, అందుకే ఆమె పేరు నేను ఏ కంప్యూటర్‌లోనూ ఎక్కించలేదు.

కొన్నాళ్లకి నేను ఎంత తిరిగినా దొరకని అదృష్టం దానంతటదే వచ్చింది. ఒక బిల్డర్ కంపెనీ తమ పాతబస్తీ పనంతా మాకే ఇస్తామని కబురు చేసింది. వాళ్ల మేనేజర్ పెద్ద కారులో వచ్చాడు. అది గల్లీలో పట్టక మలుపులోనే ఆగిపోయింది, జనమంతా బయటికొచ్చి చూశారు. సార్ అలవాటు ప్రకారం చాయ్ తెప్పించారు, కళ్లు మూసుకుని విన్నారు. ఆ మేనేజర్ అంతా చెప్పేశాడు. ఒక ఇంట్లో తమ్ముళ్ల వాటాలు కొన్నామని, అక్క ఖాళీ చెయ్యనంటోందని, ముందు నోటీసుతో బెదరగొట్టి తర్వాత రాజీకి వెళ్తామని, ఎంతవరకు దిగొస్తారో కూడా చెప్పాడు. ఆఖర్న ముందుకు వంగి, "సార్, ఆమెకు నాన్న దానం చేసిండని అంటుందట. సాక్షులు గిట్ల ఉన్నరా? మీ దగ్గరి బస్తీనే గద, మీకు ఎరుకుంటది," అన్నాడు.

సార్ కళ్లు తెరిచారు. కప్పు కింద పెట్టి, "ఆమె పేరేంది?" అని అడిగారు. అతను చెప్పాడు. మెహర్ ఖాలా పేరే. నేను ఎక్కించనే లేదు కాబట్టి ఆ పేరు సాఫ్ట్‌వేర్‌లో కొట్టినా ఏమీ రాదు. సార్ ఒక్క క్షణం కూడా ఆగకుండా, "మాఫ్ చెయ్యుండ్రి. గీ పని మాతోని కాదు," అన్నారు. ఆ ఒక్కటి వదిలేసి మిగతా కేసులు చూడమన్నాడు అతను. ఆయన తల అడ్డంగా ఊపారు.

అతను వెళ్లగానే నేను విరుచుకుపడ్డాను. "ఆమె మన కక్షిదారు కాదు సార్! ఫీజు తీసుకోలే, కాయితం తీసుకోలే!"

"కాయితంల లేదు నిజమే. నా చెవుల ఉన్నది గద," అన్నారాయన. "ఆ సాక్షితోని మాటల్లేవన్నది ఇగ నేను తెల్వనట్టు ఎట్ల ఉండాలె? ఆమె ఎదురుంగ నిలవడితే, తీసెయ్యమన్నా బుర్రలకెల్లి తియ్యరాదు. మిగతా కేసులు పట్టినా గీ కంపెనీ మనుషులమే అయితం."

"పోనీ, ఆమె తరఫున నిలబడదాం."

"గదీ కాదు. ఇప్పుడు ఈయన కడుపుల సంగతి గుడ తెలిసింది. ఎంతకు దిగొస్తడో గుడ తెలిసింది. తప్పు నాదే. పేరు ముందుగాల అడిగుంటే ఈయన నోరు తెరవకపోవు, మనం ఆమెకు అక్కరకొచ్చేటోళ్లం."

ఆ మాట నిజం కావడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. నోటీసు చేత్తో పట్టుకుని ఖాలా వచ్చింది. ఆమెకు ధైర్యం మేమే అన్నట్టు సరాసరి లోపలికొచ్చి కూర్చుంది. "వకీల్ సాబ్, తమ్ముండ్లు దగా చేసిండ్రు. ఇగ మీరే చూడాలె."

"నేను చెయ్యలేనమ్మా. మంచి వకీల్ పేరు రాసిస్త, నేనే ఫోన్ చేసి చెప్త."

"మీరెందుకు చెయ్యరు?"

"చెప్పరాదు."

ఆమె ఆయన్నీ, నన్నూ మార్చి మార్చి చూసింది. "బడే కారు మీ గల్లీల ఆగిందన్నరు. నేను నమ్మలే. కిత్నే మే బికే, సాబ్?" అంది. ఎంతకు అమ్ముడుపోయావు అని అడుగుతోంది. సార్ ముఖం నల్లబడింది. ఆ కంపెనీని వెనక్కి పంపించేశాం అని చెబితే సరిపోతుంది కదా అని నా నోటిదాకా వచ్చింది. కానీ అది చెబితే వాళ్లు వచ్చి ఏం మాట్లాడారన్న ప్రశ్న వెంటనే వస్తుంది. సార్ నా వైపు చూసి, చెప్పొద్దన్నట్టు చెయ్యి కదిపారు. "మీరు చెప్పింది నా దగ్గర్నే ఉంటదమ్మా. గంతవరకే చెప్పగలుగుత," అన్నారు ఆమెతో.

"ఉంటే నాకేం ఫాయిదా?" అని ఆమె లేచి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం ఆయన భోజనం చెయ్యలేదు. సాయంత్రం నన్ను పిలిచి, "ఇయ్యాల్టి సంది ముందు అవతలోని పేరు, తర్వాతనే చాయ్," అన్నారు. జీవితమంతా నడిపిన పద్ధతిని ఆ వయసులో, ఒక్క మాటతో మార్చుకున్నారు. బద్తమీజీ అన్నది మీరే కదా సార్ అని ఎత్తిపొడవబోయి, ఆయన ముఖం చూసి ఊరుకున్నాను. బిల్డర్ పని పోవడంతో జీతాలివ్వలేక జూనియర్లని పంపించేశాం. కారు సంగతి బస్తీలో పాకి, వచ్చేవాళ్లు తగ్గారు. ఆయన సలామ్ చేస్తే కొందరు చూడనట్టు వెళ్లిపోయేవారు. నాకు ఒళ్లు మండేది. ఆయన మాత్రం చెయ్యి దించేసి నడుచుకుంటూ వచ్చేసేవారు.

ఫర్మ్ మళ్లీ నిలదొక్కుకోవడానికి ఏళ్లు పట్టింది. చిన్న కంపెనీల ఒప్పందాలతో మొదలుపెట్టి, మూసీ అవతల ఇంకో ఆఫీసు తెరిచేదాకా వచ్చాం. ఇవాళ మా దగ్గర ఎవరు ఫోన్ చేసినా, లోపలికి వచ్చినా, మా రిసెప్షన్ అమ్మాయి మొదట అడిగేది అవతలి పక్షం పేరే. కేసు ఇవ్వకుండా మాట్లాడి వెళ్లినవాళ్ల పేర్లు కూడా ఎక్కిస్తాం. మొన్నామధ్య ఒక కొత్త జూనియర్ విసుక్కున్నాడు. "మేడమ్, ఆమె జస్ట్ అట్ల మాట్లాడి పోయింది. దానికోసం గింత పెద్ద క్లయింట్‌ను వదులుకుంటమా?" అన్నాడు. వదులుకుంటాం అన్నాను. వాడు నన్ను చాదస్తపు మనిషినని అనుకున్నాడని తెలుసు. ఒకప్పుడు సార్ గురించి నేనూ అలాగే అనుకున్నాను.

సార్ పోయినప్పుడు పరామర్శకి ఖాలా కూడా వచ్చింది. ఆమె రాజీ పడి, ఇంట్లో వెనక భాగం మాత్రం మిగుల్చుకుందని విన్నాను. ఆ సాక్షి గొడవ కోర్టుదాకా రానే లేదు. గుమ్మం దగ్గరే నిలబడి, చెమర్చిన కళ్లు దుపట్టాతో ఒత్తుకుంది. "అచ్ఛా ఆద్మీ థే, మంచి మనిషి. కాని నా కాడికొచ్చేసరికి బెదిరిండు బిడ్డా," అంది నాతో. సార్ భార్య పక్కనే ఉంది, ఆమె తల వంచుకుంది. ఆమెకూ అసలు సంగతి తెలియదు. ఆయన ఇంట్లో కూడా చెప్పలేదని అప్పుడే అర్థమైంది.

జవాబంతా నా నాలుక మీద ఉంది. కేసు ముగిసిపోయింది, మనిషి పోయాడు, చెబితే ఎవరికి నష్టం? నాలుగు మాటల్లో ఆయన మీద పడ్డ మచ్చ తుడిచెయ్యగలను. కానీ ఆ మేనేజర్ చెప్పింది అతను నమ్మి చెప్పిన మాట. అది దాచడానికే ఆయన అంత మాట పడ్డారు. "కూర్చోండి ఖాలా," అని మాత్రం అన్నాను. ఆమె కూర్చోలేదు.

ఈ రాతలో అందరి పేర్లూ మార్చాను, ఇంటి సంగతులు మార్చాను, బస్తీలు కూడా మార్చాను. రేపు ఎవరైనా ఆమెకు చదివి వినిపించినా తన కథే అని పోల్చుకోలేదు. ఆయన బెదిరాడనో అమ్ముడుపోయాడనో అనుకుంటూనే ఉంటుంది. నాకది చాలా బాధగా ఉంది, అయినా చెప్పను.