నాన్నగారిని తిప్పిన రోజు

మా ఇంటికి కంప్యూటర్ వచ్చింది నా కోసం కాదు, నాన్నగారి జాతకాల కోసం. కోనసీమలో మా ఊరికీ చుట్టుపక్కల ఊళ్ళకీ ఆయనే పురోహితులు. పుట్టిన తేదీ, సమయం కొడితే చాలు, జాతకచక్రం అదే వేసిపెట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి వచ్చిందని ఎవరో చెప్పారు. ఏడాదిపాటు ఆ యంత్రాన్ని తిట్టి, ఆ తర్వాత కొన్నారు. మంచిరోజు చూసి, మానిటర్ నుదుటన బొట్టు పెట్టి, స్విచ్ మాత్రం నన్ను వెయ్యమన్నారు. షాక్ కొడితే కూతుర్ని కొట్టనీ అనుకున్నారని అమ్మ ఇప్పటికీ అంటుంది.

తెర వెలగగానే పచ్చటి కొండ, పైన నీలాకాశం. ఆ రోజుల్లో ఏ కొత్త కంప్యూటర్ తెరిచినా అదే కొండ.

"ఇదెక్కడి కొండే? మన సీమలో ఎటు చూసినా చదునే కదా," అన్నారు నాన్నగారు.

"మనకిష్టమైన బొమ్మ పెట్టుకోవచ్చు నాన్నగారూ. దాన్ని వాల్‌పేపర్ అంటారు."

గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతున్న అమ్మ తలెత్తకుండానే అంది. "అయితే ఆ కొండ తీసేసి మీ నాన్నగారిని పెట్టవే. ఈయనా ఉలకరు, పలకరు. పక్కన నన్ను కూడా పెట్టు, తోడుంటాను."

వేళాకోళమే గాని, ఉత్త వేళాకోళం కాదు. అమ్మా నాన్నగారూ కలిసి ఉన్న ఫొటో మా ఇంట్లో ఒక్కటీ లేదు. పెళ్ళినాడు తీసినవి ఉండాలి గాని, తిరుగుప్రయాణంలో ఆ ఫొటోగ్రాఫర్ పడవ దిగుతూ కెమెరా సంచీతో సహా గోదాట్లో పడ్డాడట. మనిషి దొరికాడు, సంచీ దొరకలేదు. ఆ తర్వాత నాన్నగారు అమ్మ పక్కన నిలబడి ఫొటో దిగిందే లేదు. ఏ పెళ్ళిలోనైనా ఎవరైనా కెమెరా ఎత్తితే చాలు, ఆయనకి వెంటనే దర్భలో, మామిడాకులో గుర్తొచ్చేవి. ఫొటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని పైకి చెప్పేవారు. అసలు సంగతి సిగ్గు. నలుగురి ముందు భార్య పక్కన భుజం ఆనించి నిలబడాలంటే, వందలమందికి మంత్రాలు చెప్పిన మనిషికి చెమటలు పట్టేవి. అమ్మ నవ్వుతూనే ఉండేది. కానీ చుట్టాలిళ్ళకి వెళ్ళినప్పుడు, వాళ్ళ గోడమీది జంట ఫొటోల ముందు ఆవిడ ఎంతసేపు నిలబడేదో నేను చూశాను. నాకు జాలేసేది.

అప్పట్లో నేను రాజమండ్రిలో ఒక డీటీపీ సెంటర్లో పెళ్ళికార్డులు తయారుచేసేదాన్ని. ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ కొత్తగా పట్టుబడింది. ఎవరి మొహం మీద మచ్చ కనబడినా చెరిపేదాకా చెయ్యి ఊరుకునేది కాదు. ఈ జంట ఫొటో నాకో లెక్కా అనుకున్నాను.

నాన్నగారిది ఒక్కటే మంచి ఫొటో ఉంది. ఎవరింట్లోనో వడుగులో, ఆయనకి తెలియకుండా తీసింది. ఒంటిమీద ఉత్తరీయం లేదు, జంధ్యం మెరుస్తోంది, కుడిచేత్తో అక్షతలు వేస్తూ నవ్వుతున్నారు. అమ్మది మా పిన్ని పెళ్ళిలోది, పట్టుచీరలో. రెండూ సెంటర్లో స్కాన్ చేసి, ఆ సాఫ్ట్‌వేర్‌తో సహా సీడీలో ఎక్కించుకుని ఆదివారం ఇంటికి తెచ్చాను. మౌస్‌తో చెవుల చుట్టూ, జుట్టు చుట్టూ గీత గీసి ఇద్దర్నీ కత్తిరించాను. వెనకాల మా పెరటి కొబ్బరిచెట్లు పెట్టాను. భార్య భర్తకి ఎడమవైపు ఉండాలి కాబట్టి అమ్మని అటే నిలబెట్టాను.

తీరా చూస్తే అమ్మ నాన్నగారి వైపు చూస్తోంది. నాన్నగారు మొహం అటు తిప్పుకుని కొబ్బరిచెట్టుని చూసి నవ్వుతున్నారు.

"అచ్చం ఇంట్లో ఉన్నట్టే ఉన్నాం," అంది అమ్మ.

"ఉండమ్మా, తిప్పేస్తాను," అని ఒక్క నొక్కు నొక్కాను. అద్దంలో చూసినట్టు నాన్నగారు ఇటు తిరిగారు. ఇప్పుడు ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటున్నారు. వాల్‌పేపర్‌గా పెట్టి, కొత్త సినిమా రిలీజ్ చేసినంత గొప్పగా కుర్చీ వెనక్కి జరిపాను.

అమ్మ మొహం వెలిగింది. దగ్గరగా వచ్చింది. అంతలో ఆ వెలుగు పోయింది.

"జంధ్యం చూడవే," అంది నెమ్మదిగా.

శుభకార్యాల్లో జంధ్యం ఎడమ భుజం మీద ఉంటుంది. తద్దినాలు పెట్టేటప్పుడు మాత్రం కుడి భుజం మీదకి మారుస్తారు. దాన్నే అపసవ్యం అంటారు. ఆ మాట చిన్నప్పటినుంచీ నాన్నగారి నోట వింటూనే పెరిగాను. అయినా మౌస్ పట్టుకునేసరికి బుర్ర పనిచెయ్యలేదు. తెరమీద నాన్నగారు భార్యని పక్కన పెట్టుకుని, చిరునవ్వుతో తద్దినానికి సిద్ధంగా ఉన్నారు.

"తీసెయ్యవే," అంది అమ్మ. ఇన్నేళ్ళకి ఒక్క ఫొటో, అదీ ఇలానా అన్నట్టు కొంగుతో కళ్ళొత్తుకుంది.

అలికిడికి నాన్నగారు వచ్చారు. కళ్ళజోడు సర్దుకుని తెరని పరిశీలించారు.

"అపసవ్యం సరే. ఎడమచేత్తో అక్షతలు కూడా వేయించావు కదే! పాపం ఆ వటువుకి గాయత్రి వచ్చిందో లేదో."

"క్షణంలో సరిచేస్తాను నాన్నగారూ. జంధ్యం చెరిపేసి, ఇటువైపు మళ్ళీ గీస్తాను."

"జంధ్యం చెరుపుతావా!" ఆయన చెయ్యి తెలియకుండానే ఛాతీమీదకి పోయింది. "మౌస్ కింద పెట్టు ముందు."

పోనీ అని నాన్నగారిని మామూలుగా ఉంచి అమ్మని తిప్పాను. పైట కుడి భుజం మీదకి వచ్చింది. ఇద్దరూ చెరో దిక్కూ చూస్తున్నారు, పోట్లాడుకుని వచ్చినవాళ్ళలా. నాకు తెలిసిన విద్య అక్కడితో అయిపోయింది. ఏడుపొచ్చింది.

అమ్మ మాత్రం నవ్వడానికి ప్రయత్నించింది. "పోనీలేవే. ఆ కొండే పెట్టెయ్. బానే ఉంది కొండ."

నాన్నగారు అమ్మని చూశారు. తెరని చూశారు. ఆ తర్వాత గోడవైపు తిరిగి, గోడకి చెబుతున్నట్టు అన్నారు. "మీ అమ్మని చీర మార్చుకోమను. మధ్యాహ్నం బస్సుకి రావులపాలెం వెళ్ళొద్దాం. అక్కడేదో స్టూడియో ఉందటగా."

అమ్మ కొంగు దించి ఆయన వైపు చూసింది. "ఆయుష్షో?" అంది.

"తగ్గితే తగ్గనీ. ముందు బయల్దేరు."

అరటిగెలల లారీల మధ్యనుంచి దారి చేసుకుని స్టూడియోకి చేరేసరికి నాన్నగారి ధైర్యం సగం కరిగిపోయింది. లోపల ఫొటోగ్రాఫర్ అమ్మని కుడివైపు కూర్చోబెట్టబోయాడు.

"ఎడమవైపండీ," అన్నారు నాన్నగారు, పోయిన గొంతు తిరిగొచ్చినట్టు.

"సరేనండీ. ఇద్దరూ ఇటు చూడండి, ఇటు."

అమ్మ బిగుసుకుపోయి కెమెరాని చూసింది. నాన్నగారు మాత్రం ఆవిడ సరిగ్గా ఎడమవైపే కూర్చుందో లేదోనని పక్కకి తిరిగారు. అప్పుడే లైటు మెరిసింది.

"అయ్యో, అయ్యగారు కదిలారండీ. ఇంకోటి తీస్తాను."

"వద్దండీ," అంది అమ్మ. "ఇది చాలు మాకు."

ఆ ఫొటోలో నేను దిద్దింది ఏమీ లేదు. ఎటూ తిప్పలేదు కూడా. వాల్‌పేపర్‌గా పెట్టిన రోజు అమ్మ ఒకే ఒక్క మార్పు చెప్పింది. తెరమీది గుర్తులన్నీ నాన్నగారి వైపుకి జరపమంది. పాత ఫైళ్ళు పారేసే చెత్తబుట్టతో సహా అన్నీ ఆయన పంచె మీదకి చేరాయి.

అమ్మ ఆ కంప్యూటర్లో నేర్చుకున్నది కూడా ఒక్కటే. నాన్నగారు జాతకం వేస్తూ కాఫీకి లేచి వెళితే, ఆవిడ కొంగుతో చెయ్యి తుడుచుకుని, కుర్చీలో కూర్చుని, మౌస్‌తో ఆ జాతకాన్ని తెర కిందకి దించేసేది.

"ఎవరే నా జాతకం మూసేసింది?" అని అరిచేవారు ఆయన, వంటింట్లోంచి తిరిగొచ్చి.

"మూయలేదండీ. మనం కనబడటం లేదని కాస్త పక్కకి జరిపాను," అనేది అమ్మ.